ఆరింటి కట్టుబాటు

లాస్య పోయిన రోజు ఆదివారం. రెండువేల మూడు మార్చి ఇరవై మూడు. ప్రపంచకప్పు ఫైనల్ జరిగిన రోజు కాబట్టి ఆ తేదీ దేశంలో చాలామందికి గుర్తుంది. నాచులంకలోనూ గుర్తుంది. ఆట కోసం మాత్రం కాదు.

నాచులంక కొల్లేటి మధ్య ఊరు. ఏలూరు నుంచి ఆటోలో గంట ప్రయాణం, ఆ తరువాత కాలవ దాటడానికి బల్లకట్టు. నూట యాభై గడప. ఊరంతటికీ ఒక చేపల సొసైటీ. సొసైటీ భవనానికి పొడవైన అరుగు, అరుగు మీద సొసైటీ సొమ్ముతో కొన్న పెద్ద రంగుల టీవీ. ఆ అరుగు పక్కనుంచే చేపల చెరువు గట్టు మీదికి దారి. గట్టు మీదికి ఎవరు వెళ్ళాలన్నా అరుగు మీద కూర్చున్నవాళ్ళ కళ్ళముందు నుంచే వెళ్ళాలి.

ఆ ఊరి బడిపంతులు చలపతిరావు. సొంతూరు పెంటపాడు. పదకొండేళ్ళుగా నాచులంకలోనే కాపురం. పెళ్ళైన తొమ్మిదేళ్ళకు పుట్టిన పిల్ల లాస్య. ఆరో ఏడు నడుస్తోంది. ఆ ఆదివారం సాయంత్రం చెరువులో దోనె ఎక్కిస్తానని కూతురికి మాటిచ్చాడు. నాలుగు దాటాక భార్య సీతారత్నం పిల్లకు రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టి, “వెళ్ళు, నాన్న దగ్గరికెళ్ళి అడుగు” అని పంపింది. వాళ్ళింటికీ సొసైటీకీ మధ్య ఆరిళ్ళ దూరం.

లాస్య వచ్చింది. ఎనభైమంది మగవాళ్ళ కాళ్ళ సందుల్లోంచి దూరి, తండ్రి చూపుడువేలు పట్టుకుని లాగింది.

“నాన్నా, దోనె.”

అవతల జట్టువాళ్ళు మనవాళ్ళ బంతుల్ని చితక్కొడుతున్నారు. చలపతిరావు టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు.

“ఈ ఓవరు అయిపోనీ అమ్మా. అడ్డు లే, వెనకవాళ్ళకి కనబడదు.”

అని భుజం పట్టి పక్కకు జరిపాడు. ఆ భుజం ఎంత చిన్నదో ఆయన అరచేతికి ఇప్పటికీ గుర్తుంది. ఆ తరువాత ఎన్ని ఓవర్లు అయిపోయాయో మాత్రం గుర్తులేదు.

అవతల జట్టు బ్యాటింగు ముగిసి జనం లేచి నిలబడినప్పుడు ఆయన వెతకడం మొదలుపెట్టాడు. గట్టు దిగువన కట్టేసిన దోనె పక్కన ఒక చెప్పు దొరికింది. చేపల పట్టుబడికి వాడే పెద్ద వల తెచ్చి, రెండు గట్ల మీదా ఇరవైమంది నిలబడి లాగారు. వల దగ్గరపడేకొద్దీ శీలావతులూ బొచ్చెలూ ఎగిరెగిరి మనుషుల మొహాల మీద కొట్టాయి. ఆ తెల్లటి కొట్లాట మధ్య ఎర్ర రిబ్బను కనబడింది. నీళ్ళలోకి దూకినవాళ్ళు చేపల్ని గుద్ది, పక్కకు తోసి, పిల్లను పైకి తీశారు. అరుగు మీద టీవీ కట్టెయ్యాలని ఎవరికీ తోచలేదు. అది అలా మోగుతూనే ఉంది.

సీతారత్నం పరుగెత్తుకొచ్చి పిల్లను చూసింది. తరువాత మొగుణ్ణి చూసింది.

“మీ దగ్గరికి రాలేదా అండీ?”

“రాలేదు” అన్నాడు చలపతిరావు.

ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. నోరు దానంతటది అనేసింది. ఎనభైమంది ఉన్న ఆ అరుగు మీద అది అబద్ధమని చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. అందరి చూపూ ఒకవైపే ఉంది.

ఆ రోజు నుంచి పలకరించడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ సీతారత్నం ఒకటే మాట చెప్పింది. “నేనేనమ్మా పిల్లని ఒక్కదాన్నే పంపాను. ఆరిళ్ళే కదా అనుకున్నాను. వాళ్ళ నాన్న దగ్గరికి చేరనే లేదు.” పక్కగదిలో కూర్చుని చలపతిరావు ఆ మాట రోజుకు పదిసార్లు విన్నాడు. వినీ వినీ లేచి వెళ్ళి చెబుదామనుకునేవాడు. గుమ్మం దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి, తిరిగి వచ్చేవాడు.

పదకొండో రోజు దాటాక ఊరిపెద్ద సత్తిరాజు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఎనభైమందిమి ఉండీ పిల్లని కనిపెట్టుకోలేకపోయాం మాస్టారూ. మా కళ్ళముందు నుంచే గట్టెక్కింది గదండీ. మీరేం చెయ్యమంటే అది చేస్తాం.”

చలపతిరావు తన తప్పు చెప్పుకోవలసిన చోట ఊరు తప్పు ఒప్పుకుంటోంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు.

“పొద్దుగూకే వేళకి ఆ డబ్బా కట్టెయ్యండి” అన్నాడు. “ఆరింటి నుంచి తొమ్మిదింటిదాకా. పిల్లలు ఇళ్ళకొచ్చే వేళ అది. ఆ మూడు గంటలూ ఒకరి మొహం ఒకరు చూసుకోండి. నేనడిగేది ఇంతే.”

“ఇంతేనా మాస్టారూ? కట్టుబాటు చేసేద్దాం” అన్నాడు సత్తిరాజు.

లంక ఊళ్ళలో కట్టుబాటు అంటే చిన్న విషయం కాదు. పెద్దలు కూర్చుని ఒక మాట అనుకుని టముకు వేయించారంటే, ఇక దానికి పోలీసూ లేడు, కోర్టూ లేదు, అన్నదమ్ముడని చూడడమూ లేదు. ఆ మర్నాడే టముకు వేశారు. ఆరు నుంచి తొమ్మిదిదాకా ఏ ఇంట్లోనూ టీవీ వెలగకూడదు. మొదటిసారి మందలింపు. రెండోసారి టీవీ తెచ్చి వారం రోజులు సొసైటీ గదిలో పడేస్తారు. మూడోసారి కొల్లేట్లోకి.

మొదటి రెండు నెలలూ బాగానే ఉంది. ఈ మాట చలపతిరావు ఇప్పటికీ ఒప్పుకుంటాడు. ఎండాకాలం సాయంత్రాలు జనం మంచాలు వీధిలోకి తెచ్చుకున్నారు. మగవాళ్ళు అరుగు మీద వలలు బాగుచేసుకుంటూ పాత వరదల సంగతులు చెప్పుకున్నారు. ఏ పక్షి ఎప్పుడొచ్చి ఏ పొదలో గుడ్డు పెడుతుందో ముసలివాళ్ళు పిల్లలకు చూపించారు. బడిపిల్లలు పలకలు పట్టుకుని మాస్టారి చుట్టూ చేరారు. ఎక్కాలు చెప్పించి, కథలు చెప్పి పంపేవాడు. ఒక ముసలాయన వచ్చి కూర్చుని, “మా ఆడది ఇంత మాట్లాడుద్దని పదేళ్ళుగా మర్చేపోయానండీ. కొంచెం దయ చూసి ఆ డబ్బా మళ్ళీ పెట్టించండి బాబూ” అంటే అరుగంతా నవ్వింది. ఆ నవ్వులో చలపతిరావు పెదవులు కూడా కదిలాయి. లాస్య పోయాక అదే మొదటిసారి.

జూన్లో సూర్యకాంతం టీవీ దొరికింది.

సూర్యకాంతం డెబ్భై ఏళ్ళ విధవ. ఒంటరి మనిషి. మాట్లాడడానికి ఇంట్లో ఇంకో మొహం లేదు. పాత బ్లాక్ అండ్ వైట్ సెట్టుకు దుప్పటి కప్పి, దుప్పటిలో తానూ దూరి, శబ్దం లేకుండా సీరియల్ చూస్తోందని సత్తిరాజు కొడుకు వీర్రాజు కనిపెట్టాడు. వీర్రాజుకు ఇరవై ఆరేళ్ళు. కట్టుబాటు చూసే పని తండ్రి అతనికి అప్పజెప్పాడు. ఆరు కొట్టగానే ఏడెనిమిదిమంది కుర్రాళ్ళు దోనెలు నడిపే గెడకర్రలు పట్టుకుని వీధిన బయల్దేరేవాళ్ళు. తలుపులకు చెవులు ఆనించేవాళ్ళు.

సూర్యకాంతం పట్టుబడడం అది మూడోసారట. సెట్టును పెళ్ళికొడుకును మోసినట్టు భుజాలకెత్తుకుని, డప్పు కొట్టుకుంటూ తీసుకెళ్ళారు. ముసలిది వెనకాలే నడిచింది. “ఒరే వీర్రాజూ, నీకు పురిట్లో మొదటి నీళ్ళు నేనే పోశాన్రా” అంది. “అందుకే నిన్నొదిలేసి దాన్ని ముంచుతున్నాం మామ్మా” అన్నాడు వీర్రాజు. అందరూ నవ్వారు. గట్టు మీంచి విసిరితే అద్దం నీటికి తగిలి పెద్ద చప్పుడుతో పేలింది. పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. జనం ఈలలు వేశారు.

చలపతిరావు చూశాడు. బాధ కలిగింది. కట్టుబాటు అన్నాక ఒకరిద్దరికి కష్టం తప్పదని మనసుకు చెప్పుకున్నాడు. తరగతిలో ఏనాడూ బెత్తం పట్టని మనిషి.

ఆ తరువాత వరస మారింది. మందలింపులు పోయాయి. జూలైలో ఒకణ్ణి సొసైటీ స్తంభానికి కట్టి, మెడలో ఏంటెన్నా వేలాడదీశారు. మర్నాడు సాయంత్రం అతని పెళ్ళాం ఎదురు తిరిగితే చెంప మీద కొట్టారు. ఆగస్టులో కేబుల్ వైరు లాగడానికి వచ్చిన మనిషిని ఆ వైరుతోనే వీపు చీలేలా కొట్టి బల్లకట్టు ఎక్కించారు. ప్రతిసారీ ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఆడవాళ్ళు చంకన పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. ఇవాళ ఎవరిని పడతార్రా అని పొద్దున్నే ఒకరినొకరు అడిగేవాళ్ళు. సాయంత్రం పాఠానికి వచ్చే పిల్లలు తగ్గారు. ఆరు కొట్టగానే కుర్రాళ్ళ వెనకాల పరుగెత్తేవాళ్ళు. సెప్టెంబరు చివరికి మాస్టారి చుట్టూ ముగ్గురు మిగిలారు. వాళ్ళు కూడా వీధి వైపు చెవి పెట్టుకుని ఎక్కాలు చెప్పేవాళ్ళు.

ఒకరోజు సూర్యకాంతం ఆయన్ని దారిలో ఆపింది.

“మీరు మంచోరండి. మంచి చెప్పారు. అయితే మాస్టారూ, ఆ పెట్టెలో కొట్టుకుంటే నెత్తురు కారేది కాదండీ.”

ఆ రాత్రి చలపతిరావు వీర్రాజును పిలిచి మందలిద్దామనుకున్నాడు. పిలవబోతే, ఏ మొహంతో అని ఎవరో లోపలినుంచి అడుగుతున్నట్టనిపించింది. రేపు చూద్దామనుకున్నాడు.

అక్టోబరు రెండోవారంలో ఒక సాయంత్రం ముగ్గురు పిల్లల్నీ కూర్చోబెట్టుకుని ఏడో ఎక్కం చెప్పిస్తుండగా వీర్రాజు అరుగు దగ్గరికి వచ్చాడు. వెనక కుర్రాళ్ళు, వాళ్ళ వెనక జనం. వీర్రాజు మొహంలో ఎప్పుడూ ఉండే హుషారు లేదు.

“మాస్టారూ, ఒక చిక్కొచ్చిందండి.”

“ఏంటి?”

“మీ ఇంట్లో టీవీ ఎలుగుతోందండి. ఏలూరు నుంచి మెకానిక్కుని పిలిపించారు అమ్మగారు. ఇప్పుడే చూసొచ్చాం.”

చలపతిరావు పుస్తకం మూశాడు. ఇంట్లో సెట్టును మార్చిలోనే గోనెసంచి కప్పి అటక ఎక్కించాడు. వానాకాలం చెమ్మకు అది పాడైపోయి ఉంటుందనే అనుకున్నాడు.

“కట్టుబాటు మీదే గదండీ. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి” అన్నాడు వీర్రాజు.

అరుగు చుట్టూ ఎనభైమంది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆ చూపు ఎక్కడో చూసినట్టనిపించింది. వదిలెయ్యండి అంటే రేపు స్తంభానికి కట్టించుకున్నవాడు వచ్చి అడుగుతాడు. సూర్యకాంతం అడుగుతుంది. సీతారత్నం ఈ పని తనకు చెప్పకుండా చేసిందని కోపం కూడా వచ్చింది. పిల్ల పోయి ఏడాది తిరక్కముందే సీరియల్ కావలసి వచ్చిందా అనుకున్నాడు.

“కట్టుబాటు అందరికీ ఒకటే” అన్నాడు.

జనం ఒక్కుమ్మడిగా కదిలారు. ఆయన పలకలు సర్ది, పిల్లల్ని ఇళ్ళకు పొమ్మని, చెప్పులు వేసుకుని బయల్దేరాడు. ఆరిళ్ళే కదా.

అప్పటికి ఆ ఇంట్లో జరిగింది ఇది. టీవీ మెకానిక్ పేరు కాలేషా. ఏలూరు పాతబస్టాండు దగ్గర చిన్న కొట్టు. యాభై ఏళ్ళ నెమ్మదస్తుడు. సీతారత్నం పాలబ్బాయి చేత కబురు పంపిస్తే, సైకిల్ మీద మధ్యాహ్నం మూడింటికే వచ్చాడు. వెంట అద్దెకు కేసెట్లు వేసే వీసీపీ ఒకటి కూడా తెచ్చాడు. ఐదింటికి వెళ్ళిపోవాలని లెక్క. సెట్టు విప్పి, తుప్పు తుడిచి, కాలిన ముక్క మార్చాడు. కాని సెట్టు బాగుపడిందో లేదో కరెంటు ఉంటేగాని తెలియదు. ఆ నెల కరెంటు కోత మధ్యాహ్నం నుంచి ఆరింటిదాకా. కరెంటు సరిగ్గా ఆరింటికే వచ్చింది.

“శబ్దం వద్దండీ. బొమ్మ ఒక్కటి వస్తే చాలు” అంది సీతారత్నం. అతను సెట్టు వెనక కూర్చుని, ఎదురుగా పీట మీద ఒక అద్దం నిలబెట్టి, అద్దంలో బొమ్మ చూసుకుంటూ వెనక మరలు తిప్పాడు. అది వాళ్ళ పనివాటం. బొమ్మ నిలబడుతుండగా తలుపు విరిగింది.

చలపతిరావు వీధి మలుపు తిరిగేసరికి తన ఇంటి ముందు జనం గోడలా నిలబడి ఉన్నారు. లోపలినుంచి కాలేషా గొంతు వినబడింది. బతిమాలే గొంతు కాదు, పనివాడి గొంతు.

“తీసుకెళ్ళండి బాబూ, నేనేం అడ్డం రాను. ఒక్క పావుగంట ఆగండి. వెనక చెయ్యి పెట్టకండి. స్విచ్చి తీసినా ట్యూబులో కరెంటు నిలవుంటుంది.”

“ఈడు మనకి చెబుతున్నాడ్రా” అన్నారెవరో.

వీర్రాజు బావమరిది సెట్టును వెనకనుంచి వాటేసుకుని ఎత్తాడు. కెవ్వున ఒక కేక. కుర్రాడు వెనక్కి విరుచుకుని స్తంభానికి కొట్టుకుని పడ్డాడు. సెట్టు నేల మీద పడి ట్యూబు పేలింది. గాజుముక్కలు వాకిలంతా చిమ్మాయి.

“చంపేశాడ్రా. కరెంటు పెట్టి చంపేశాడు.”

కుర్రాడు చావలేదు. అరగంటలో లేచి మజ్జిగ తాగాడు. కాని ఆ కేక తరువాత వినేవాడు లేడు. మొదటి గెడకర్ర కాలేషా వీపు మీద పడింది. రెండోది చెవి మీద. ఎముకకు కర్ర తగిలే చప్పుడు, తడిబట్ట బండకేసి కొట్టినట్టు, వీధిలోకి వినబడింది. అతను అరవలేదు. “కుడిచెయ్యి వదిలెయ్యండి బాబూ” అని మాత్రం రెండుసార్లు అన్నాడు. ఆ మాట వల్లే వాళ్ళకు ఎక్కడ కొట్టాలో తెలిసింది. ఆ చేతిని గడప మీద పెట్టి, కర్ర నిలువుగా దించారు.

చలపతిరావు జనాన్ని తోసుకుని వెళ్ళబోయాడు. ఒక్కరూ జరగలేదు. పసిపిల్లను భుజాన ఎక్కించుకుని నిలబడ్డ ఒకతన్ని దాటి లోపలికి దూరబోయాడు. అతను తల తిప్పకుండానే మోచేత్తో ఆయన్ని పక్కకు నెట్టాడు.

“అడ్డు లెగండి మాస్టారూ. కనబడట్లేదు.”

చలపతిరావు ఆగిపోయాడు. ఆ మనిషి మొహం పక్కనుంచి కనబడుతోంది. నోరు కొద్దిగా తెరిచి ఉంది. కళ్ళు ఆర్పడం లేదు. పక్కవాడూ అంతే. ఆ పక్క ఆడమనిషీ అంతే. అరుగు మీద ఆ ఆదివారం తన మొహం ఎలా ఉండి ఉంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది.

తరువాత ఆయన ఏం చేశాడో ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏనాడూ గొంతు పెంచని మనిషి పక్కనున్నవాడి జుట్టు పట్టి వెనక్కి లాగి పడేశాడు. దొరికినవాణ్ణి దొరికినట్టు కొట్టాడు. గుద్దాడు, కరిచాడు. వాకిట్లోకి పడేసరికి సీతారత్నం కాలేషా మీద బోర్లా పడి ఉంది. “నేను పిలిచాన్రా. నన్ను కొట్టండి” అంటోంది. ఆమె భుజం మీద అప్పటికే ఒక దెబ్బ పడింది. చలపతిరావు ఆ ఇద్దరి మీదా అడ్డంగా వాలాడు. వీర్రాజు ఎత్తిన కర్ర ఆయన తల మీద దిగింది. నెత్తురు కళ్ళలోకి వచ్చాక గాని కర్రలు ఆగలేదు. మాస్టారి నెత్తురు అని ఎవరో అన్నాక ఆగాయి.

కాలేషాను దోనెలో పడుకోబెట్టి కాలవ దాటించి, ఆటోలో ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. దారిలో సీతారత్నం మొగుడి తలకు తన పైటచెంగు చింపి కట్టింది. చాలాదూరం వెళ్ళాక మాట్లాడింది.

“మాఘమాసంలో తాడేపల్లిగూడెంలో మా పిన్ని కూతురి పెళ్ళైంది కదండీ, ఆ వీడియో కేసెట్టు అది. అందులో మన పిల్ల ఉంది. అక్షింతలు వేసే చోట.”

ఆయన ఆమె వైపు తిరిగాడు.

“నేను ఎదురుగా కూర్చోలేదు. కాలేషాగారి అద్దంలోనే చూశాను. ఒక్క క్షణం కనబడింది. జడలు ఎడమది కుడికి, కుడిది ఎడమకి ఉన్నాయి. నవ్వుతోంది. అంతలో తలుపు విరిగింది.”

ఆ సెట్టు సీరియల్ కోసమని తాను అనుకున్న సంగతి ఆయనకు గుర్తొచ్చింది.

ఆసుపత్రి వరండాలోకి కాలేషా భార్య రహీమున్నీసా వచ్చింది. ఏడవలేదు. లోపలికి వెళ్ళి భర్తను చూసి వచ్చి, చలపతిరావు ఎదురుగా నిలబడింది.

“మీరు మాస్టారట గదండీ.”

“అవునమ్మా.”

“టీవీ చూస్తే జనం పాడవుతారని మీరే కట్టుబాటు పెట్టించారట.”

“అవును.”

“మా ఆయన పాతికేళ్ళుగా టీవీల మధ్యే కూర్చుంటున్నాడండీ. ఇంట్లో పిల్లి మీద కూడా చెయ్యెత్తలేదు. మరి మీ ఊరికి ఏం చెప్పారండీ మీరు?”

ఆమె ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటికి సత్తిరాజు వచ్చాడు. చలపతిరావును ఒక పక్కకు తీసుకెళ్ళి మెల్లగా చెప్పాడు.

“మాస్టారూ, పోలీసు అవుట్‌పోస్టులో రాసుకోడానికి పిలుస్తున్నారు. దోనెలోంచి జారి రాయి మీద పడ్డాడని చెబుదాం. మీరు చెబితే ఎవరూ కాదనరు. ఊరి పరువండి. మీ పిల్ల కోసమని ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది, మర్చిపోకండి.”

మీరు చెబితే ఎవరూ కాదనరు. ఆ సంగతి చలపతిరావుకు బాగా తెలుసు. ఒకసారి చెప్పి చూశాడు.

“సత్తిరాజుగారూ, ఒకసారి అబద్ధం ఆడితే ఇక్కడిదాకా వచ్చింది” అన్నాడు.

“ఏం అబద్ధమండీ?”

ఆయన అవుట్‌పోస్టులోకి వెళ్ళాడు. హెడ్ కానిస్టేబుల్ కాగితం ముందు పెట్టుకుని, కొట్టినవాళ్ళ పేర్లు చెప్పమన్నాడు.

“నేను రాసిస్తానండీ” అని చలపతిరావు కలం తీసుకున్నాడు. మొదటి పేరు తనది రాశాడు. ఎదురుగా, కట్టుబాటు పెట్టించినవాడు, ఆ సాయంత్రం వెళ్ళమని చెప్పినవాడు అని రాశాడు. రెండో పేరు వీర్రాజు. ఆ తరువాత ఐదు పేర్లు. ఆ ఆరుగురిలో నలుగురు ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. కింద సంతకం పెట్టాడు.

ఊరు ఆయనను క్షమించలేదు. మర్నాడే ఇంటిమీద రాళ్ళు పడ్డాయి. సామాను గట్టు మీదికి విసిరేశారు. పిల్ల శాపం ఊరికి తగిలిందన్నారు. నెల తిరక్కుండా తాడేపల్లిగూడెం దగ్గర ఒక బడికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. కేసు నడుస్తోంది. అందులో ఆయనా ముద్దాయే. నాచులంకలో ఇప్పుడు ఆరు దాటినా టీవీలు మోగుతున్నాయి.

కాలేషా కుడిచేతి వేళ్ళలో రెండు ముడుచుకోవు. ఒక చెవి వినబడదు. ప్రతి ఆదివారం చలపతిరావు గూడెంలో ప్యాసింజరు ఎక్కి, భీమడోలు దాటి, ఏలూరులో దిగి, ఆ కొట్టుకు వెళతాడు. మొదటి మూడు ఆదివారాలూ రహీమున్నీసా ఆయనను కొట్టు మెట్టు ఎక్కనివ్వలేదు. మెట్టు కిందే నిలబడి సాయంత్రం దాకా ఉండి వెళ్ళిపోయేవాడు. నాలుగో ఆదివారం కాలేషాయే పిలిచాడు.

“ఊరికే నిలబడి ఏం చేస్తారు మాస్టారూ. ఇలా వచ్చి ఈ సోల్డరింగ్ ఐరన్ పట్టుకోండి.”

అప్పటినుంచి ఎక్కడ ఆనించి తీగ అతకాలో కాలేషా చెబుతాడు. ఈయన ఆనిస్తాడు. మొదట్లో తప్పుచోట ఆనించి నాలుగైదు సెట్లు చెడగొట్టాడు. “ఎక్కాలు చెప్పినంత సుఖం కాదండీ” అని కాలేషా నవ్వాడు. ఇప్పుడు కొంచెం చెయ్యి తిరిగింది. సెట్టు వెలిగాక బొమ్మ అద్దంలో చూసి సరిచేస్తారు. బొమ్మ నిలబడగానే చలపతిరావు స్విచ్చి తీసేస్తాడు. అరనిమిషం ఎక్కువ ఉంచడు. తన ఇంట్లో టీవీ లేదు. సాయంత్రాలు ఆయనా సీతారత్నమూ వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ఆయన ఆమె మొహం చూస్తాడు. ఆమె చెప్పేదంతా వింటాడు. చుట్టాలెవరు వచ్చినా ఆమె చెప్పేది ఇంకా ఆ మాటే. “నేనే పిల్లని ఒక్కదాన్నే పంపాను.”

పోయిన ఆదివారం కాలేషా అన్నాడు, “వీసీపీలో ఉండిపోయిన ఆ కేసెట్టు బాగానే ఉంది మాస్టారూ. ఆ రోజు గొడవలో వీసీపీ మూత విరిగింది గాని టేపు తెగలేదు. అమ్మగారిని ఒకసారి తీసుకురండి. ఇక్కడే వేసి చూపిస్తాను.”

“తీసుకొస్తాను” అన్నాడు చలపతిరావు.

ఇంటికి వచ్చి ఆ మాట సీతారత్నానికి చెప్పలేదు. చెబితే తీసుకెళ్ళాలి. తీసుకెళితే ఆమె పక్కన కూర్చుని ఆ పిల్లను చూడాలి. చూస్తూ కూర్చుని, చూపుడువేలు పట్టుకుని లాగిన సంగతి చెప్పకుండా ఉండలేడు.

కేసెట్టు ఏలూరులో కాలేషా కొట్టు అలమరలో ఉంది. అద్దంలో ఆ ఒక్క క్షణం తప్ప సీతారత్నం దాన్ని ఇంకా చూడలేదు. ఆ రోజు లాస్య తన దగ్గరికి వచ్చిందని చలపతిరావు ఆమెకు ఇంకా చెప్పలేదు.